ఆర్టీఎక్స్ 3060 12 జీబీ నుంచి 5060 8 జీబీకి మారొచ్చా? కొత్త కార్డుల వేగం ఎక్కడ ఆగుతోంది?

మీ ప్రశ్న ఇది: ఇప్పుడున్నది ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు (12 జీబీ మెమరీ), ఆరు కోర్ల పాత ప్రాసెసర్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 మదర్‌బోర్డు, 1440పీ మానిటర్. ఎక్కువగా గేమ్స్, అప్పుడప్పుడు బ్లెండర్‌లో త్రీడీ బొమ్మల పని, ఈమధ్య ఏఐ మోడళ్లు సొంత కంప్యూటర్లోనే నడిపి చూడాలన్న ఆసక్తి. 5060 8 జీబీకి మారితే లాభమా? ప్రకటనల్లో రెండింతలు, మూడింతలు అంటున్న వేగం రివ్యూల్లో ఎందుకు కనబడదు? ఇంకొంతకాలం ఆగితే మంచివి వస్తాయా?

ముందు సూటిగా జవాబు: ఆ మార్పు మీకు వద్దు. 5060 చిప్పు మీ 3060 చిప్పు కంటే వేగమైనదే, అందులో సందేహం లేదు. గేమ్ మొత్తం 8 జీబీలో ఇమిడినంతసేపూ ఆ తేడా తెర మీద బాగా తెలుస్తుంది. కానీ మీ మానిటరూ, మీరు చేయాలనుకుంటున్న పనులూ 8 జీబీ గీతను దాటించేవే. దాటిన తర్వాత పడే దెబ్బను మీ మదర్‌బోర్డు ఇంకా పెంచుతుంది. అలాంటి చోట కొత్త కార్డు పాతదానికంటే వెనకబడిపోతుంది. ఎందుకో కాస్త విడమరచి రాస్తాను. అది అర్థమైతే ఇకముందు ఏ కార్డు వచ్చినా మీరే బేరీజు వేసుకోగలరు.

గ్రాఫిక్స్ చిప్పులో కూడికలు, గుణకారాలు చేయడం ఇప్పుడు చాలా చవక. ఆ లెక్కకు కావలసిన డేటాను మెమరీ నుంచి తెచ్చి ఇవ్వడమే ఖరీదు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ 2014లో చిప్పుల రూపకర్తల ఐఎస్‌ఎస్‌సీసీ సదస్సులో దీనికి అంకెలు చూపించారు. అప్పటి 45 నానోమీటర్ చిప్పుల్లో 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ కూడిక ఒకటి చేయడానికి పట్టే శక్తి సుమారు 0.9 పికోజౌల్. అదే 32 బిట్లను చిప్పు బయటి మెమరీ (డీర్యామ్) నుంచి చదవడానికి 600 పికోజౌళ్లకు పైనే పడుతుంది. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు ఎంతో చిన్నవయ్యాయి, లెక్క ఇంకా చవకైంది. బయటి మెమరీకి వెళ్లి వచ్చే ఖర్చు మాత్రం ఆ స్థాయిలో తగ్గలేదు. గోడ కట్టే మేస్త్రీలు వందమంది ఉన్నా ఇటుకలందించేవాళ్లు ఇద్దరే అయితే పని ఆ ఇద్దరి వేగంతోనే సాగుతుంది. ఈ పదేళ్లలో గ్రాఫిక్స్ కార్డుల్లో వచ్చిన మార్పుల్లో చాలావాటికి ఇదే మూలం.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 2020 నాటి ఆర్టీఎక్స్ 3080. అంతకుముందున్న 2080 టీఐలో 4,352 కోర్లు (లెక్కలు చేసే చిన్న విభాగాలు), 3080లో 8,704. సరిగ్గా రెట్టింపు. టెరాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదన్న కొలత) 13.4 నుంచి 29.8కి పోయాయి. మరి 4కేలో గేమ్స్ ఎంత వేగంగా నడిచాయి? 30 శాతం దరిదాపుల్లో. మెమరీ బ్యాండ్‌విడ్త్, అంటే మెమరీ సెకనుకు అందించగల డేటా, చూడండి, సెకనుకు 616 జీబీ నుంచి 760 జీబీకి పెరిగింది, అంటే 23 శాతం. పెరిగిన వేగం రెట్టింపైన కోర్లకు దగ్గరగా ఉందా, 23 శాతం పెరిగిన బ్యాండ్‌విడ్త్‌కు దగ్గరగా ఉందా? ఆ తరంలో కోర్లు లెక్కపెట్టే పద్ధతి కూడా మారింది కాబట్టి నెపమంతా మెమరీ మీదే వేయలేం. అయినా వేర్వేరు తరాల కార్డులను కోర్ల సంఖ్యతోనో టెరాఫ్లాప్స్‌తోనో పోల్చేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

బ్యాండ్‌విడ్త్ లెక్క సులువు. చిప్పుకూ మెమరీకీ నడుమ ఉండే దారిని బస్ అంటారు. దాని వెడల్పును (బిట్లలో) 8తో భాగించి, మెమరీ వేగంతో గుణిస్తే సరి. మీ 3060లో 192 బిట్ల బస్, 15 గిగాబిట్ల జీడీడీఆర్6 రకం మెమరీ. లెక్క కడితే సెకనుకు 360 జీబీ. 2023లో వచ్చిన 4060లో బస్ 128 బిట్లకు కుదించారు, మెమరీ 17 గిగాబిట్లు. సెకనుకు 272 జీబీయే. కొత్త తరం కార్డుకు పాతదానికంటే తక్కువ బ్యాండ్‌విడ్త్. ఆ లోటు పూడ్చడానికి చిప్పు లోపల ఎల్2 క్యాష్‌ను (చిన్న, చాలా వేగమైన మెమరీని) 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు. కావలసిన డేటా క్యాష్‌లోనే దొరికితే బయటికి వెళ్లే పనే ఉండదన్నది ఆలోచన. ఏఎండీ 2020లోనే ఆర్ఎక్స్ 6800 ఎక్స్‌టీలో 128 ఎంబీ ఇన్ఫినిటీ క్యాష్ పెట్టి ఈ దారి తొక్కింది. మంచి ఇంజినీరింగే. అయితే రెజల్యూషన్ పెరిగేకొద్దీ డేటా క్యాష్‌లో దొరికే శాతం తగ్గిపోతుంది. 4060 టీఐని 3060 టీఐతో పోల్చినప్పుడు 1080పీలో కొత్తది ముందుంది, 4కే దగ్గరికి వచ్చేసరికి తేడా దాదాపు చెరిగిపోయింది. 5060లో జీడీడీఆర్7 వల్ల అదే 128 బిట్ల బస్ మీద 448 జీబీ వస్తోంది. కాబట్టి బ్యాండ్‌విడ్త్ విషయంలో 5060ని తప్పు పట్టను. దాని ఇబ్బంది సామర్థ్యంలో ఉంది.

ఆ 8 జీబీ ఎక్కడి నుంచి వచ్చిందో కూలర్ విప్పి చూస్తే తెలిసిపోతుంది. నడుమ చిప్పు, దాని చుట్టూ నల్లటి చిన్న చతురస్రాలు మెమరీ ముక్కలు. ఒక్కో ముక్క 32 బిట్ల బస్‌కు కలుస్తుంది. మీ 3060లో అవి ఆరు: ఆరు ముప్పైరెళ్లు 192 బిట్లు, ఒక్కొక్కటి 2 జీబీ కాబట్టి మొత్తం 12 జీబీ. 5060లో నాలుగే: 128 బిట్లు, 8 జీబీ. 5060 టీఐ 16 జీబీ వెర్షన్‌లో బోర్డు వెనకవైపు కూడా నాలుగు అంటిస్తారు. ఒక్కో ఛానెల్‌ను ముందూ వెనకా రెండు ముక్కలు పంచుకుంటాయి. సామర్థ్యం రెట్టింపవుతుంది, బ్యాండ్‌విడ్త్ మాత్రం అంతే ఉంటుంది. అంటే బస్ వెడల్పు ఖాయమయ్యాక మెమరీ ఎంత పెట్టాలన్నది కంపెనీ ఇష్టం కాదు, రెండు మూడు అంకెల్లోంచి ఒకటి ఎంచుకోవడమే. చిప్పు అంచున బస్‌కు కేటాయించే చోటు సన్నబడదు కాబట్టి ఖర్చు తగ్గించాలంటే ముందు కోత పడేది బస్‌కే.

8 జీబీ అన్నది కొత్త సంగతి కాదు. 2015లో ఆర్9 390లో ఉంది, 2016లో జీటీఎక్స్ 1070లో, ఆర్ఎక్స్ 480లో ఉంది. తొమ్మిదేళ్ల తర్వాత 2025లో వచ్చిన 5060లోనూ అంతే. ఈలోగా గేమ్స్ ఆగలేదు. వాటి మెమరీ అవసరాన్ని నడిపేది పీసీ కాదు, కన్సోల్. 2013 నాటి ప్లేస్టేషన్ 4లో మొత్తం 8 జీబీ ఉండేది, సిస్టమ్‌కూ గ్రాఫిక్స్‌కూ కలిపి. 2020 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో అది 16 జీబీ. మొదటి రెండేళ్లు గేమ్స్ రెండు తరాలకూ కలిపి తయారయ్యాయి, అందుకే 8 జీబీ కార్డులు హాయిగా నెట్టుకొచ్చాయి. 2023 నుంచి పెద్ద స్టూడియోలు పాత కన్సోల్‌ను వదిలేశాయి. ఆ ఏడే 8 జీబీ సరిపోవడం లేదన్న గోల ఒక్కసారిగా మొదలైంది. దాన్ని గేమ్ డెవలపర్ల బద్ధకమని తేల్చేయడం నాకు సబబుగా అనిపించదు. లక్ష్యంగా పెట్టుకునే యంత్రమే మారిపోయింది.

మెమరీ చాలకపోతే ఏమవుతుందో తెలియడానికి సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) పనికిరాదు. మానిటరింగ్ ఓవర్‌లే (గేమ్ మీదే అంకెలు చూపే పట్టీ) ఆన్ చేసి చూడండి. 8 జీబీ కార్డులో వీ-ర్యామ్ (కార్డు సొంత మెమరీ) వాడకం 7.5 జీబీ దగ్గరో 7.7 దగ్గరో అతుక్కుపోతుంది, అంతకు మించి పైకి కదలదు. సిస్టమ్ ర్యామ్ వాడకం పెరగడం మొదలవుతుంది. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) వినియోగం 98 శాతం నుంచి 70కి, 60కి పడిపోతూ లేస్తూ ఉంటుంది, ఎందుకంటే చిప్పు ఖాళీగా డేటా కోసం ఎదురుచూస్తోంది. కెమెరా తిప్పినప్పుడల్లా ఒక కుదుపు. కొన్ని గేమ్స్‌లో కుదుపు కూడా రాదు: ఎఫ్‌పీఎస్ చక్కగానే ఉంటుంది, ఎదురుగా ఉన్న గోడ మీద రాతి గీతలు మాత్రం మైనం కరిగినట్టు అలుక్కుపోయి ఉంటాయి. ఇంజినే చప్పుడు లేకుండా నాణ్యత తగ్గించేసిందన్నమాట. బార్ గ్రాఫ్‌లో అలాంటి కార్డుకు మంచి మార్కులే పడతాయి. అందుకే రివ్యూ చూసేటప్పుడు 1 శాతం లోలు (అతి నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం), ఫ్రేమ్ టైమ్ గీత చూడమంటాను. 60 ఎఫ్‌పీఎస్ అంటే ప్రతి ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో రావాలి. 59 ఫ్రేములు గబగబా వచ్చి ఒక్కటి 80 మిల్లీసెకన్లు పట్టినా సగటు బాగానే కనబడుతుంది, చేతికి మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ మదర్‌బోర్డు సంగతి. ఇది చాలామంది పట్టించుకోరు, మీ విషయంలో మాత్రం ముఖ్యం. వీ-ర్యామ్ నిండాక మిగిలిన డేటా పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో సిస్టమ్ ర్యామ్ నుంచి రావాలి. 5060కి ఆ దారిలో 8 లేన్లే (వరసలే) ఉన్నాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 5.0 బోర్డులో ఆ 8 లేన్లు సెకనుకు 32 జీబీ దాకా మోస్తాయి, కాబట్టి దెబ్బ కొంత తక్కువ. మీ 3.0 బోర్డులో అవే 8 లేన్లు మోసేది దాదాపు 8 జీబీ. కార్డు సొంత మెమరీ వేగం 448. యాభై రెట్లకు పైగా తేడా. మీ 3060కి 16 లేన్లున్నాయి, అదే బోర్డులో దానికి 16 జీబీ దారి ఉంది. పైగా 12 జీబీ ఉండటం వల్ల ఆ దారి పట్టాల్సిన అవసరమే తక్కువ. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ మెమరీ, 4 లేన్లతో పాత బోర్డుల్లో ఎంత ఘోరంగా నడిచిందో అప్పటి పరీక్షలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చవక కార్డు కొనేది ఎక్కువగా పాత బోర్డున్నవాళ్లే. లేన్లు కోసేది ఆ కార్డుల్లోనే. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ఏఐ మోడళ్ల దగ్గర ఈ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. భాషా మోడల్ ఒక్కో టోకెన్ (పదం లేదా పదంలో ముక్క) తయారు చేసేటప్పుడు దాదాపు తన వెయిట్లన్నిటినీ (శిక్షణలో నేర్చుకున్న అంకెలను) ఒకసారి మెమరీ నుంచి చదువుతుంది. 8 బిలియన్ పరామితుల మోడల్‌ను 4 బిట్లకు కుదిస్తే సుమారు 5 జీబీ. మీ 3060 బ్యాండ్‌విడ్త్ 360 కాబట్టి సెకనుకు 70 టోకెన్లు దాని పైకప్పు, వాస్తవంలో అంతకంటే తక్కువే వస్తాయి. 5060 ఇక్కడ నెగ్గుతుంది. కానీ 14 బిలియన్ల మోడల్ తీసుకుంటే 4 బిట్లలో కూడా 9 జీబీ దగ్గరికి వస్తుంది, దాని మీద సంభాషణ సందర్భానికి ఇంకొంత కావాలి. అది మీ పాత కార్డులో పడుతుంది, కొత్త కార్డులో పట్టదు. బ్లెండర్‌లోనూ అంతే. సీన్ ఇమిడితే 5060 రెండర్ ముందే ముగిస్తుంది, ఇమడకపోతే సిస్టమ్ ర్యామ్ మీద ఆధారపడి నత్తనడక నడుస్తుంది.

మరి మెమరీ ఎక్కువ పెట్టడం అంత కష్టమా అంటే, సాంకేతికంగా కాదు. 5090లో ఉన్న జీబీ202 చిప్పునే తీసుకోండి. 512 బిట్ల బస్, 16 మెమరీ ముక్కలు, ఒక్కొక్కటి 2 జీబీ చొప్పున 32 జీబీ. అదే చిప్పుతో చేసిన వృత్తి నిపుణుల కార్డు ఆర్టీఎక్స్ ప్రో 6000లో ముక్కకు 3 జీబీ, బోర్డుకు రెండువైపులా 16 చొప్పున, మొత్తం 96 జీబీ. దాని ధర 5090కి ఎన్నో రెట్లు. గేమింగ్ కార్డుకు మెమరీ ధారాళంగా ఇస్తే ఏఐ పని చేసుకునేవాళ్లు అదే కొనుక్కుంటారు, ఖరీదైన కార్డు ఎవరు కొంటారు? ఎన్విడియా 2025 ఆర్థిక సంవత్సరంలో మొత్తం ఆదాయం 130.5 బిలియన్ డాలర్లు, అందులో డేటా సెంటర్లది 115.2 బిలియన్లు, గేమింగ్‌ది 11.4 బిలియన్లు. మూడేళ్ల ముందు, 2022 ఆర్థిక సంవత్సరంలో, గేమింగే పెద్దది. ఆ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే మన కార్డుల్లో మెమరీ ఎందుకు కొలిచి పోస్తున్నారో వేరే వివరణ అక్కర్లేదు. ఏఎండీ కూడా వృత్తి కార్డుల్లో ఎక్కువ మెమరీ పెట్టి ఎక్కువ ధరకే అమ్ముతుంది. ఇది ఒక్క కంపెనీ గుణం కాదు.

ఇక ప్రకటనల సంగతి. 2025 జనవరిలో సీఈఎస్ టెక్ ప్రదర్శన వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ 5070కి 4090 అంత పనితీరు ఉందన్నారు. 5070లో 6,144 కోర్లు, 12 జీబీ, సెకనుకు 672 జీబీ. 4090లో 16,384 కోర్లు, 24 జీబీ, 1,008 జీబీ. అంత తేడా ఉన్న రెండు కార్డులు సమానమని చెప్పగలిగింది ఎన్విడియా ఏఐ సాంకేతికత డీఎల్‌ఎస్‌ఎస్ 4లోని మల్టీ ఫ్రేమ్ జనరేషన్ లెక్కలో కలపడం వల్ల. అందులో తెర మీద కనిపించే ప్రతి నాలుగు ఫ్రేముల్లో మూడింటిని గేమ్ ఇంజిన్ గీయదు. రెండు నిజమైన ఫ్రేముల నడుమ ఎలా ఉండి ఉంటుందో ఏఐ ఊహించి నింపుతుంది.

ఇక్కడ అప్‌స్కేలింగ్, ఫ్రేమ్ జనరేషన్ రెండింటినీ ఒకే గాటన కట్టేవాళ్లతో నేను ఏకీభవించను. అప్‌స్కేలింగ్, అంటే తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెద్దది చేయడం, నిజంగా మంచి ఆవిష్కరణ. 4కేలో ఒక్కో ఫ్రేమ్‌కు 82,94,400 పిక్సెళ్లు. డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్‌లో కార్డు గీసేది 2560 × 1440, అంటే 36,86,400. సగానికంటే తక్కువ. మిగతా వివరాన్ని గడిచిన ఫ్రేముల నుంచి, మోషన్ వెక్టర్ల (ఏది ఎటు కదిలిందో చెప్పే సమాచారం) సాయంతో కూడగడుతుంది. ఫ్రేమ్ త్వరగా తయారవుతుంది కాబట్టి మౌస్ కదలికకు స్పందన కూడా నిజంగానే మెరుగవుతుంది. 2018 నాటి తొలి డీఎల్‌ఎస్‌ఎస్ అలుక్కుపోయినట్టుండేది, 2020లో వచ్చిన రెండో వెర్షన్‌తో దశ తిరిగింది. 2025 జనవరిలో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ మోడల్‌తో కదిలే సన్నని గీతలు, జుట్టు, కంచెలు ఇంకా శుభ్రపడ్డాయి. అది ఆర్టీఎక్స్ 20 సిరీస్ నుంచి అన్ని ఆర్టీఎక్స్ కార్డులకూ వచ్చింది. మీ 3060కి కూడా. ఏఎండీ 2025 మార్చిలో ఆర్ఎక్స్ 9070తో తెచ్చిన తన అప్‌స్కేలింగ్ ఎఫ్‌ఎస్‌ఆర్ 4 కూడా మెషీన్ లెర్నింగ్ బాట పట్టి పాత ఎఫ్‌ఎస్‌ఆర్ కంటే చాలా దూరం వచ్చింది.

ఫ్రేమ్ జనరేషన్ కథ వేరు. నడిమి ఫ్రేమ్ ఊహించాలంటే తర్వాతి నిజమైన ఫ్రేమ్ చేతిలో ఉండాలి. అంటే దాన్ని గీసి కూడా కాసేపు ఆపి ఉంచాలి. అక్కడే ఆలస్యం పెరుగుతుంది. అసలు వేగం 70, 80 ఎఫ్‌పీఎస్ ఉండి, 165 లేదా 240 హెర్ట్జ్ మానిటర్ నింపాలంటే ఇది చక్కగా పనిచేస్తుంది, అలా వాడటాన్ని నేను సిఫారసు చేస్తాను కూడా. అసలు వేగం 30 దగ్గర ఉంటే తెర మీద అంకె 120 చూపిస్తుంది, చేతికి 30 కంటే బరువుగా తగులుతుంది. పైగా ఈ ఫీచర్‌కు అదనపు వీ-ర్యామ్ కావాలి. 8 జీబీ కార్డులో అంచున నడుస్తున్న గేమ్‌కు ఇది ఆన్ చేస్తే మొత్తం తలకిందులయ్యే అవకాశం ఉంది. కాబట్టి ఏ గ్రాఫ్ చూసినా ఫ్రేమ్ జనరేషన్ ఆఫ్ చేసిన అంకెలే పోల్చుకోండి. అప్‌స్కేలింగ్ ఉన్నా ఫరవాలేదు, రెండు కార్డులకూ ఒకే స్థాయిలో ఉంటే.

అసలు కంపెనీలు ఈ దారి ఎందుకు పట్టాయంటే, ముడి వేగం చవకగా పెంచే మార్గాలు మూసుకుపోతున్నాయి. 4090, 5090 రెండూ తైవాన్ చిప్పుల తయారీ సంస్థ టీఎస్‌ఎంసీ 5 నానోమీటర్ కుటుంబపు ప్రక్రియల్లో తయారైనవే. చిప్పు విస్తీర్ణం 608 చదరపు మిల్లీమీటర్ల నుంచి 750కి పెరిగింది. కోర్లు 33 శాతం పెరిగాయి. విద్యుత్తు 450 వాట్ల నుంచి 575 వాట్లకు, 28 శాతం పెరిగింది. 4కే గేమ్స్‌లో వచ్చిన లాభం కూడా ఇంచుమించు అంతే, 30 శాతం అటూ ఇటూ. అంటే సామర్థ్యం మెరుగుపడి వచ్చిన వేగం చాలా స్వల్పం. ఎక్కువ సిలికాన్, ఎక్కువ కరెంటు పోసి తెచ్చిన వేగం అది. 2017లో 1080 టీఐ 250 వాట్లతో అగ్రస్థానంలో ఉండేది, ఇప్పుడు మధ్యతరగతి 5070కే 250 వాట్లు. చిన్న ట్రాన్సిస్టర్లకు మారదామన్నా వేఫర్ (చిప్పులు కోసే సిలికాన్ పళ్లెం) ధరలు పెరుగుతూనే ఉన్నాయి. క్యాష్‌కు వాడే ఎస్‌ర్యామ్ అయితే కుదించుకుపోవడమే దాదాపు మానేసింది. టీఎస్‌ఎంసీ 3 నానోమీటర్ తరపు ఎన్3ఈ ప్రక్రియలో ఎస్‌ర్యామ్ సెల్ 5 నానోమీటర్ తరపు ఎన్5లో ఉన్నంతే ఉంది. క్యాష్ పెంచి ఇరుకు బస్‌ను కాపాడుకునే కిటుకు కూడా ఇక నానాటికీ ఖరీదే.

ఆ ఒత్తిడి పేర్ల మీద కూడా పడింది. 3070లో 5,888 కోర్లుండేవి, ఆనాటి పెద్ద కార్డు 3090లో 10,496. అంటే 56 శాతం. 5070లో ఉన్నవి 5090తో పోలిస్తే 28 శాతం. పేరు అదే 70, లోపలి వాటా సగమైంది. 2022లో 4080 12 జీబీ అని ప్రకటించిన కార్డును విమర్శలు వెల్లువెత్తాక వెనక్కి తీసుకుని, 2023 జనవరిలో 4070 టీఐగా విడుదల చేశారు. అందుకని పేరులోని అంకెను పక్కనపెట్టి బస్, మెమరీ, లేన్లు, వాట్లు చూడండి. ఈ నాలుగూ స్పెసిఫికేషన్ పేజీలో దొరుకుతాయి.

ఆగితే మంచివి వస్తాయా అన్నారు. సాంకేతికంగా ఒక మంచి మార్పు దారిలోనే ఉంది: 3 జీబీ జీడీడీఆర్7 ముక్కలు. 5090 ల్యాప్‌టాప్ వెర్షన్‌లో 256 బిట్ల బస్ మీద 24 జీబీ వచ్చింది వాటివల్లే. అవి చవక కార్డులకు దిగివస్తే 128 బిట్ల బస్ మీద కూడా 12 జీబీ సాధ్యం, ఈ 8 జీబీ గొడవ చాలావరకు తీరిపోతుంది. కానీ 2025 రెండో సగం నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. డేటా సెంటర్ల కోసం హెచ్‌బీఎమ్ (ఏఐ చిప్పులకు వాడే మెమరీ), సర్వర్ ర్యామ్ తయారీకి ఫ్యాక్టరీల సామర్థ్యం మళ్లిపోతోంది. మెమరీ తయారీ సంస్థ మైక్రాన్ 2025 డిసెంబర్‌లో తన క్రూషియల్ వినియోగదారుల వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి మార్కెట్‌లో చవక కార్డుకు మెమరీ ఉదారంగా వస్తుందని ఎదురుచూడటం నా దృష్టిలో సరైన ప్రణాళిక కాదు. అవసరం ఉంటే ఇప్పుడే 16 జీబీది తీసుకోండి, లేకపోతే ఉన్నదాన్ని ఇంకొన్నాళ్లు వాడండి.

మీ 3060లో ఇంకా సత్తువ ఉంది. ముందు డ్రైవర్ కొత్తది వేసి, గేమ్‌లో డీఎల్‌ఎస్‌ఎస్ ట్రాన్స్‌ఫార్మర్ మోడల్ ఎంచుకుని, 1440పీలో క్వాలిటీ లేదా బ్యాలెన్స్‌డ్ పెట్టి చూడండి. టెక్స్చర్లు పై స్థాయిలోనే ఉంచండి, మీకు మెమరీ ఉంది. షాడోలు, వాల్యూమెట్రిక్ పొగమంచు, రే ట్రేసింగ్ తగ్గించండి, భారం అక్కడే ఎక్కువ. డీఎల్‌ఎస్‌ఎస్ ఫ్రేమ్ జనరేషన్ 30 సిరీస్‌కు లేదు గానీ, ఎఫ్‌ఎస్‌ఆర్ 3 ఫ్రేమ్ జనరేషన్ ఉన్న గేమ్స్‌లో అది మీ కార్డు మీదా పనిచేస్తుంది.

మారాలనే నిశ్చయిస్తే రెండు కార్డులు మీకు సరిపోతాయి. గేమ్స్ ప్రధానమైతే ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ. దీనికి పూర్తి 16 లేన్లున్నాయి కాబట్టి మీ 3.0 బోర్డులో నష్టం తక్కువ. బ్లెండర్, ఏఐ ముఖ్యమైతే 5060 టీఐ 16 జీబీ. అది 8 లేన్లదే అయినా 16 జీబీ ఉండటం వల్ల వెలుపలి దారి మీద ఆధారపడటం అరుదు, పైగా ఎన్విడియా కార్డులకే ఉండే కుడా (CUDA) సాఫ్ట్‌వేర్ మద్దతు ఇంకా విస్తృతం. రెండు కార్డులకూ అదే పేరుతో 8 జీబీ వెర్షన్లు కూడా ఉన్నాయి, పెట్టె మీద జీబీ సరిచూసుకునే తీసుకోండి. ఇంటెల్ బీ580 12 జీబీ మంచి కార్డే గానీ పాత ప్రాసెసర్లతో దాని డ్రైవర్ భారం ఎక్కువ, రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కు కార్డు మెమరీ మొత్తం ఒకేసారి అందనిచ్చే సెట్టింగ్) లేకపోతే ఇంకా దెబ్బ. మీకు వద్దంటాను. పెద్ద మోడళ్లే మీ ధ్యేయమైతే వాడిన 3090 గురించి ఆలోచించవచ్చు. 24 జీబీ, సెకనుకు 936 జీబీ ఇప్పటికీ చిన్న విషయం కాదు. 350 వాట్లు మోసే పవర్ సప్లై, గాలి ఆడే కేసు ఉండాలి. వాడిన కార్డు కాబట్టి బోర్డు వెనకవైపు మెమరీ ఉష్ణోగ్రత చూశాకే తీసుకోండి.

అయితే ఏది కొనేముందైనా ఒక పరీక్ష చేయండి. మీరు ఎక్కువగా ఆడే గేమ్‌లో జనం, వాహనాలు ఎక్కువగా ఉన్న చోట నిలబడి 1440పీలో ఎఫ్‌పీఎస్ రాసుకోండి. అక్కడే కదలకుండా రెజల్యూషన్ 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అడ్డు కార్డు దగ్గరుంది, మార్పుతో లాభం ఉంటుంది. పెద్దగా కదలకపోతే అడ్డు మీ ప్రాసెసర్ దగ్గరుంది, ఎంత పెద్ద కార్డు పెట్టినా ఆ గేమ్‌లో అంకె అక్కడే నిలుస్తుంది. ఆ రెండు అంకెలు, ఆ సమయంలో వీ-ర్యామ్ ఎంత వాడుతోంది, ప్రాసెసర్, పవర్ సప్లై మోడల్ ఏవి అన్నది ఇక్కడ రాయండి. డబ్బు కార్డు మీద పెట్టాలో, ప్రాసెసర్, బోర్డుల మీద పెట్టాలో అప్పుడు కచ్చితంగా చెప్పగలను.